ఎనిమిది డిగ్రీలు

నమ్మకపోతే మానెయ్యండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను. ఇది నాకే జరిగింది... పోయిన ఏడాది.

కోయంబత్తూరు దగ్గర చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. మా ఇన్‌స్ట్రక్టర్ హైదరాబాదు ఆయన. మొదటి రోజే జీపీఎస్ మీద కాగితం అంటించి, గడియారం, దిక్సూచి చూసుకుంటూ నడపమన్నాడు. అది మంచిదే. కొన్ని నెలలకు, ఒక రాత్రి మా ఊరు ఒట్టన్‌చత్రం దాకా ఒంటరిగా వెళ్లి రావాల్సి వచ్చింది. గాలి ఎడమ నుంచి తోస్తుంది కాబట్టి, పక్కకు కొట్టుకుపోకుండా విమానం ముక్కును ఎడమకు ఎనిమిది డిగ్రీలు తిప్పాలని కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసి, కుడికి అని రాశాడు.

“సార్, గాలి ఎడమ పక్కనుంచి కదా వస్తుండాది” అన్నాను.

“ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో” అన్నాడు. సంతకం పెట్టాడు.

నోరు మూసుకుని ఎక్కాను. అందుకే నా మీద నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇరవై నిమిషాలు... ఇరవై ఐదు... కింద ఒక్క ఊరి వెలుగు లేదు. ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందున్న చీకటి మరీ నల్లగా ఉంది. మబ్బా... కొండా... తెలియలేదు.

అప్పుడు కనిపించాయి. ఎడమ రెక్క అవతల, దూరంగా... తెల్లటి దీపాల వరస. పక్కనే లారీల హెడ్‌లైట్లు, ఒకదాని వెనక ఒకటి. కూరగాయల మండి. మా నాయన కొట్టు అక్కడే. చిన్నప్పుడు ఉల్లిపాయల మూటల మీద నిద్రపోయిన చోటు, నేను పొరబడను. కాగితం ప్రకారం అది నాకు ఎదురుగా ఉండాలి. కాగితాన్ని పక్కన పడేసి అటు తిప్పాను. మండి మీద ఒక చుట్టు తిరిగాను. లారీలు... ఒక్కటీ కదలలేదు.

తిరిగొచ్చి దిగగానే నాయనకు ఫోన్ చేశాను.

“మండి మీదనే తిరిగితి నాయనా. చూసినావా?”

“ఏ మండి పాపా? పెద్ద వ్యాపారి చనిపొయ్యినాడని పొద్దున్నుంచి మూసిపెట్టిండాము. లారీలే రాలే. నీ సౌండు విని బయటికి వస్తిని... అంతా ఇరుట్టు. ఒక్క లైట్టు లేదు.”

మర్నాడు మ్యాపు మీద గీత గీశాను. ఆయన రాసిన కోణంలోనే పోయుంటే... నేరుగా పళని కొండల్లోకి.

ఇంట్లో అమ్మ కొబ్బరికాయ కొట్టింది. అమ్మవారే దారి చూపించిందట. సరే, చూపించింది. మరి ఆ ఎర్ర పెన్ను పట్టిన మనిషిని ఒక్కరైనా అడిగారా? ఆయన మాత్రం నా రికార్డులో ‘దారి తప్పింది’ అని రాశాడు. ఆ మాట కొట్టేయకపోతే నాకు లైసెన్సు రాదు.

ఫ్లయింగ్ స్కూల్లో అందరి ముందూ ఆ ఎర్ర పెన్ను కాగితం ఆయన బల్ల మీద పెట్టాను.

“సార్, ఇదే కాగితం. ఈ రాత్రి మీరు నా పక్కన కూచోండి. పోదాం.”

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మడిచి... జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర రుజువు ఏమీ లేదు. కాగితం ఆయన జేబులో ఉంది. ఆ దీపాలు... అవి ఏమిటో నాకే తెలియదు.