ఇనుప టోపీ, ఒంటికాలి సలాం

అరబ్బు దేశంలో, రైసూత్ సైట్లో తవ్వేముందు కేబుళ్లు వెతకమని మెటల్ డిటెక్టర్ నా చేతికిచ్చారు. నేల అడుగున ఏముందో చెప్పాల్సిన యంత్రం, నేను అడుగు వేసినప్పుడల్లా కూసింది. ఎక్కడ తవ్వినా మట్టే. మా కరీంనగర్ ఫోర్‌మన్ నా కాళ్లవైపు చూశాడు.

"నీ బూట్లల్ల ఇనుము గదరా అది మొత్తుకునేది! ఇంకోసారి ఉత్తగ కూస్తే మల్ల సిమెంటు మోస్తవ్ బిడ్డా."

బూట్లు విప్పి, కాలే ఇసుకలో గంతులేస్తూ నడిచాను. మళ్లీ కూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. మెల్లగా తవ్వితే, తుప్పు పట్టిన ఇనుప టోపీ తేలింది.

"పాత లడాయిల సిపాయి టోపీరా!" అంటూ ఫోర్‌మన్ దాన్ని దులిపి నా నెత్తిన పెట్టాడు. "ఇగ మిషిన్ నీదే."

అందరూ సలాం కొట్టారు. నేనూ కొట్టాను, ఒంటికాలి మీద నిలబడి, బూట్లు లేని కాళ్ల కింద ఇసుక ఇంకా కాలుతోంది.