దర్జీ పురుగు చొక్కా

టైలరమ్మకు నోరు పెద్దది. ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంటుంది. "సూది అన్నాక గుచ్చుకోవద్దూ?" అంటుంది. వయసు యాభై రెండు. కింద కుట్టు షాపు, పైన ఇల్లు. మొగుడు గుడ్డ కత్తిరిస్తాడు, ఆవిడ మొగుడి మాట కత్తిరిస్తుంది, కుట్టుపని కూడా ఆవిడదే. ముప్పై ఏళ్ళ కాపురం ఈ లెక్కలోనే హాయిగా నడిచిపోతోంది.

అలాంటి మనిషికి నదితో ఏం పని అంటారా? అంతా మరిది చలవ. టౌను దాటాక నది మీద రబ్బరు తెప్పల్లో జనాన్ని తిప్పుతాడాయన. తొమ్మిదేళ్ళ కిందట చిరిగిన తెప్పొకటి భుజాన వేసుకుని షాపుకొచ్చి, "వదినా, ఇది కాస్త కుట్టిపెట్టు" అన్నాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సూదితో పొడిస్తే ఇందులో గాలి ఆగుతుందా?" అని నాలుగు చీవాట్లు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు రెండు పూతలు పూసి, అతుకు అంటించి, దాని మీద బరువుకు పాత ఇస్త్రీపెట్టె పెట్టింది. రెండు రోజులకు మరిది వచ్చాడు. తీసుకుపోయేవాడు ఊరికే పోవచ్చుగా? "ఆగుతుందంటావా వదినా?" అన్నాడు.

అదీ మరిది చేసిన తప్పు. షాపు మొగుడి మీద వదిలేసి, ఆ అతుకు పక్కనే కూర్చుని నదిలోకి దిగింది. నీళ్ళు మొహాన కొట్టినప్పుడల్లా కెవ్వున అరిచింది, అరిచినప్పుడల్లా నవ్వింది. అతుకు ఆగింది. ఆవిడ మాత్రం ఆగలేదు. నలభై మూడో ఏట ఈత నేర్చుకుంది, ఆ మరుసటేడు తెడ్డు పట్టింది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు షాపు, మూడు రోజులు నది.

తెప్పలు తిరిగే ఆ నదీపాయ పొడుగునా ఆవిడకు తెలియని రాయి లేదు. ఒకచోట బండ అడ్డొచ్చి నీళ్ళు రెండుగా చీలి, నురగలు కక్కుతూ కిందికి దూకుతాయి. దానికి 'కత్తెర' అని పేరు పెట్టింది. ఎక్కిన జనంతో, "కత్తెర దగ్గర నోరు మూసుకోండి, లేకపోతే నది తాగిస్తుంది" అని చెప్తుంది. ఆవిడ మాత్రం మూయదు.

ఇక పురుగుల సంగతి. నీళ్ళు బాగున్నాయో లేదో కనిపెట్టడం నేర్పుతామని ఎవరో రెండు రోజుల తరగతి పెడితే వెళ్ళింది. నదిలో రాయి తీసి తిరగేసి చూడమన్నారు. చూసింది. రాయి అడుగున వేలిగోరంత గొట్టం ఒకటి అతుక్కుని ఉంది. ఇసుక రేణువులు ఒక్కొక్కటీ ఏరి, తన నోట్లోంచి వచ్చే దారంతో కూర్చి, తన ఒంటికి సరిపడా తనే కుట్టుకున్న చొక్కా అది. లోపల ఓ పురుగు. మురికినీళ్ళలో గంటసేపు కూడా బతకలేదట.

"ఓసి నీ దుంప తెగ! ఇది మన పనిదే!" అని పదిమందిలో పెద్దగా అరిచింది. దానికో శాస్త్రం పేరుంది కానీ, ఆ రోజు నుంచీ ఆ నది మీద అది దర్జీ పురుగే. దాని కోసం సొంతంగా వల కూడా కుట్టుకుంది, ఎవరిదో పెళ్ళిగౌనులో మిగిలిన నెట్టు గుడ్డతో. దాని మీది వెండి చమ్కీలు ఊడదీసింది గానీ, అంచున కొన్ని ఉండిపోయాయి. "ఉండనీ, పురుగులకూ కాస్త సోకుండాలి" అంది.

అప్పటినుంచీ ఆవిడ పెట్టిన నియమం ఒకటే. గుడ్డకు మంచి వైపు, తిరగేసిన వైపు ఉన్నట్టే రాయికీ ఉంటాయి. పాచి పట్టింది పైకి, చొక్కాలున్నది కిందికి. రాయి తీస్తే మళ్ళీ అలాగే పెట్టాలి. ఎవరైనా మర్చిపోతే అయిపోయారే.

ఈలోగా పిడుగులాంటి వార్త. టౌను మురుగుగొట్టాన్ని ఆ పాయలోకి వదలాలని పెద్దలు అనుకుంటున్నారు. నీళ్ళ ఆఫీసు వాళ్ళ పరీక్షలో పాయ బతికే ఉందని తేలితే గొట్టం వేరే దారి పడుతుంది, టౌను పెద్దలు శుద్ధి కేంద్రం కట్టుకోవాలి. చచ్చిపోయిందని తేలితే గొట్టం ఇక్కడికే. ఉన్నది ఒకే ఒక్క పరీక్ష. మరిది నిద్రాహారాలు మానేశాడు. "మురుగులో తెప్ప ఎవడెక్కుతాడు వదినా?" అని ఒకటే గోల. టైలరమ్మ మాత్రం ధీమాగా ఉంది. "మన దర్జీలున్నారుగా, సాక్ష్యం చెప్పడానికి!" అంది.

పరీక్ష రోజు ఆఫీసరు జీపులో వచ్చాడు. పాలిపోయిన మనిషి, నెమ్మదస్తుడు, చంకలో పరీక్ష కాగితాలున్న అట్ట, జేబులో భూతద్దం. జీపు ఎంతవరకు పోతుందో అంతవరకు పోయి, అక్కడ రేవులో మోకాటి లోతు వరకు దిగాడు. మూడు చోట్ల వల వేశాడు. మూడుసార్లూ తెల్లపళ్ళెంలో పడ్డవి బురదలో బతికే ఎర్రపురుగులే. దర్జీ పురుగు ఒక్కటీ లేదు.

టైలరమ్మ ఒడ్డు మీంచే అందుకుంది. "సరిగ్గా వేయండి సార్! వల అలా పడితే చేపలే నవ్వుతాయి!"

"కనపడింది రాస్తానమ్మా. కనపడనిది ఎలా రాయను?" అన్నాడాయన. పాపం, అన్నది న్యాయమే. అట్ట మీద కలం పెట్టాడు.

అప్పుడు తల తిప్పి ఒడ్డు చూసింది ఆవిడ. ఒడ్డంతా రాళ్ళ దొంతరలు. రాయి మీద రాయి, దాని మీద రాయి, ఇరవై ముప్పై దొంతరలు. ఫోటోల కోసం వచ్చినవాళ్ళు నదిలోంచి రాళ్ళు తీసి పేర్చిపోయారు. ఆవిడ పరుగున పోయి ఓ రాయి తీసి తిరగేసింది. అడుగున చొక్కాలు, ఎండి బెరళ్ళైపోయి. ఇంకో రాయి తీసింది. దాని కిందా అంతే.

"నాశనం చేశారు! చేతులు ఊరుకోవా ఈ జనానికి?" అని అరవబోయి, సగంలో ఆగిపోయింది. నోరు పెద్దదే కానీ, అబద్ధపు నోరు కాదు. ఈ రేవులో మొదటి దొంతర పేర్చింది ఎవరు? తనే. తను పురుగులు చూసిన చోటు గుర్తుండాలని, ఆరేళ్ళ కిందట. మరిదికి ముచ్చటేసి ఫోటో తీసి, టికెట్ల గదిలో గోడకు పెద్దది చేసి పెట్టాడు. జనం దాన్ని చూశారు, నేర్చుకున్నారు. చూస్తూ ఆవిడా ఊరుకుంది, బాగుందిలే అనుకుని.

అక్కడే రాయి మీద కూలబడింది. "నేనే సార్," అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా మరిది ఎప్పుడూ వినలేదు. "ఊరందరికీ నీతులు చెప్పాను. వీటి ఇళ్ళు పీకింది నేనే." కళ్ళ నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు కూడా.

ఆఫీసరు భూతద్దంతో ఆ ఎండిన చొక్కాల వంక చాలాసేపు చూశాడు. "బతికాయన్నది నిజమే. కానీ ఎండినవి లెక్కలోకి రావమ్మా. బతికున్నవి కావాలి."

ఆ మాటతో లేచింది ఆవిడ. "మీ అట్ట మీద ఏమని ఉంది సార్? జీపు పోయినంత దూరమే నది అని ఉందా?"

ఆయన అట్ట మీద వేలు పెట్టి చదివాడు. "పాయలో ఎక్కడైనా మూడు చోట్ల... అని ఉంది."

"అయితే కత్తెర దాటాక అవతల ఒడ్డు ఉంది. అక్కడికి జీపూ పోదు, మనిషీ పోడు. తెప్ప పోతుంది. ఎక్కండి."

ఆయన మొహం ఇంకా పాలిపోయింది. మెల్లగా అన్నాడు, "పదకొండేళ్ళుగా నదులే పరీక్షిస్తున్నానమ్మా. నాకు ఈత రాదు."

మరిది నవ్వాపుకోలేక అటు తిరిగాడు. టైలరమ్మ నవ్వలేదు. లైఫ్ జాకెట్టు తెచ్చి, తనే తొడిగి, దర్జీ కొలత తీసుకున్నట్టు చంకల కింద, నడుం చుట్టూ పట్టీలన్నీ బిగించింది. "మీ ఒంటికి సరిపోయింది, ఊడదు. తెప్ప అతుకులు నావి, ఆగుతాయి. ఒక్కటే మాట సార్. మీరు ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదుగా?"

ఆయన భయంలోనూ నవ్వేశాడు. ఎక్కాడు.

మరిది వెనక తెడ్డు పట్టాడు, ఆవిడ ముందు. కత్తెరలో తెప్ప నిట్టనిలువునా లేచి పడింది. నోరు మూసుకోమన్నా వినలేదు ఆఫీసరు, దేవుడా అని అరిచి గుటకెడు తాగాడు. అవతల ప్రశాంతమైన మడుగులో తేలాక, దగ్గుతూ, తడిసి ముద్దై, "ఇంత బాగుంటుందా?" అన్నాడు. ఎవరిని అడిగాడో ఆయనకే తెలియదు.

అక్కడ మొదటి రాయి తిరగేశాడు. చొక్కాలు. మెల్లగా కదులుతున్న చొక్కాలు. లెక్కపెడుతూ పోయి నలభై ఒకటి దగ్గర టైలరమ్మ మొహం చూశాడు. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి. మూడు చోట్లా చూశాడు, మూడు చోట్లా రాశాడు. ఆ రాత కింద ఇంకో ముక్క కూడా చేర్చాడు: జీపు రేవు దెబ్బతింది, రాళ్ళు తిరిగి నీళ్ళలో పెడితే కోలుకోవచ్చు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పాయ బతికే ఉంది, గొట్టం ఇటు రాదు. మరిది ఎగిరి గంతేశాడు. టైలరమ్మ మాత్రం తిన్నగా టికెట్ల గదికి పోయి, గోడ మీది ఫోటో దింపింది. ఆ చట్రంలోనే తన చేత్తో రాసిన కాగితం పెట్టింది: 'ఈ రేవులో మొదటి తప్పు నాది. రాయి తీస్తే తీసినట్టే పెట్టండి. పెట్టకపోతే నా నోటికి నేను పూచీ కాదు.'

తర్వాత రేవుకు పోయి కూర్చుంది. ఒక్కో దొంతర విప్పి, ఒక్కో రాయీ చూసి, పాచి వైపు పైకి, చొక్కాల వైపు కిందికి, నీళ్ళలో పెట్టుకుంటూ పోయింది. అన్ని ఆదివారాలూ అదే పని. తెప్ప ఎక్కడానికి వచ్చినవాళ్ళకూ తలా పది రాళ్ళు అప్పజెప్పింది. మొగుడు కూడా షాపు మూసి వచ్చాడు. రాయి తలకిందులుగా పెట్టి తిట్లు తిన్నాడు. ఆవిడ పెళ్ళిగౌను వల అక్కడే నీళ్ళలో నానుతూ ఉండేది, మధ్యమధ్య దాన్ని వేసి చూస్తూ ఉండేది. పడేవి ఎర్రపురుగులే.

ఏడాది తిరిగింది. రేవు కోలుకుందో లేదో చూడ్డానికి మళ్ళీ పరీక్ష రోజు. ఈసారి ఆఫీసరు దిగీ దిగగానే, "ముందు కత్తెర దాటి వద్దామా?" అన్నాడు. ఈత నేర్చుకుంటున్నాడట.

"ముందు రేవు సార్," అంది టైలరమ్మ.

ఆయన వంగి ఓ రాయి తీసి తిరగేశాడు. అడుగున మూడు చొక్కాలు, తడిగా, కదులుతూ. భూతద్దం పెట్టి కళ్ళు చిట్లించాడు. "అమ్మా, ఇదేమిటి? ఇసుకలో ఏదో మెరుస్తోంది."

ఆవిడ చూసింది. ఇసుక రేణువుల మధ్య, మెడ దగ్గర, బొత్తాం కుట్టినట్టు ఒక వెండి చమ్కీ.

"అయ్యో, నా వలదే! ఊడి నీళ్ళలో పడిందన్నమాట. ఛీ ఛీ, ఇంటికి పోగానే మిగతావి ఊడదీయాలి," అంది. తిడుతూనే రాయి మీదికి ఇంకా వంగింది. ఆ వల ఈ రేవులో నానింది ఈ ఏడాదే. అంటే ఆ చొక్కా ఇక్కడ, ఆవిడ తిరిగి పెట్టిన రాయి కింద, ఈ ఏడే కుట్టింది.

"రాసుకోండి సార్," అంది. ఆయన చేతిలోంచి రాయి అందుకుని, పాచి పైకి, చొక్కాలు కిందికి, తీసిన చోటే పెట్టింది.