సగటు కుటుంబానికి వచ్చిన చుట్టాలు

"కోడలు కొత్త కాపురం పెట్టింది, చూడకుండా ఎట్ల పోతారు?" అని మా అత్త సేత్తూరు నుంచి వచ్చిన చుట్టాలతో తియ్యగా అన్న ఆ క్షణంలోనే నా నెల లెక్క తప్పింది. ఆ రోజుల్లో, అంటే పెద్దది రెండో తరగతి, చిన్నోడు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు, శాతం గుర్తు కనబడితే చాలు, దేన్నైనా నమ్మేదాన్ని (బీకాం చదువు చేసిన మేలు అది). మన రాష్ట్రంలో బతికే ఖర్చు దేశ సగటు కన్నా తక్కువేనని ఎవరో రాసింది ఫోన్లో చదివి, సగటు కుటుంబానికి కావలసినదాని కన్నా మిల్లు ఆఫీసులో మా ఆయన జీతం కాస్త ఎక్కువేనని తేల్చి, వేరు కాపురానికి పట్టుబట్టినాను. నాకంటూ ఒక వంటిల్లు కావాలి, అంతే. మామకు ఫోన్ చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివినారు. "ఈ సగటు కుటుంబం ఏ ఊరిదమ్మా? వాళ్ళకు చుట్టాలు లేరా?" అన్నారు. అత్త మాత్రం, "సరి, పోయి ఉండి చూడు. ఒక నెల దాటిస్తే నేను నోరెత్తను" అన్నది. పొలం బియ్యం పంపుతానంటే, "సగటులో బియ్యం కూడా కలిసే ఉంది అత్తా" అని వద్దన్నాను.

మా వాళ్ళలో, డాక్టరుకనో పెళ్ళి బట్టలకనో రాజపాళయం వచ్చినవాళ్ళు అయినవాళ్ళ ఇంట్లో అన్నం తినకుండా తిరుగు బస్సు ఎక్కరు. అందులోనూ కొత్త కాపురాన్ని దాటిపోతే అవమానించినట్టే. కాబట్టి పొద్దున ఫలహారం అత్త ఇంట్లో, మధ్యాహ్నం భోజనం నా అద్దె ఇంట్లో. పాపం ఎవరూ వట్టి చేతులతో రాలేదు, సంచుల కొద్దీ వంకాయలు తెచ్చినారు (వంకాయలిస్తే సిలిండర్ ఇచ్చేవాళ్ళు ఏ రాష్ట్రంలోనూ లేరు). చిన్నోడు వంకాయ చూస్తేనే ఏడుపు మొదలుపెట్టేవాడు.

నెల ఇంకా నిండలేదు. పన్ను పీకించుకోవడానికి మంసాపురం పెద్దమ్మ నలుగురిని తోడు తెచ్చుకుని వచ్చింది. పన్ను ఆమెది ఒక్కటే, ఆకలి అయిదుగురిది. డబ్బా అడుగు గీకి బియ్యం పొయ్యి మీద పెట్టినాను.

"ఏమ్మా, ముఖం వాడిపోయింది? ఏమన్నా విశేషమా?" అన్నది బుగ్గ పట్టుకునే.

"అదేం లేదు పెద్దమ్మా, ఎండ."

"ఎండా? విశేషమే అయ్యుంటుంది. ఇంకొంచెం రసం పొయ్."

వాళ్ళు బస్సెక్కినాక, ఆయన ఖాళీ డబ్బా చూసి మెల్లగా అడిగినారు: "అప్పు చేద్దామా, అమ్మ దగ్గరికి పోదామా?" రెండూ ఒకటే అనిపించింది. స్నానాల గదిలో తలుపేసుకుని, కుళాయి తిప్పి ఏడ్చినాను. దేశమంతా ఎట్లో బతుకుతున్నది, నాకొక్కదానికే చేతకాలేదు అనుకున్నాను.

ఇప్పుడు అత్త పక్కన నిలబడి తాలింపు వేస్తూ, అప్పట్లో నేనైన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక ముద్ద తినిపించాలనీ అనిపిస్తుంది. మర్నాడు పొద్దున పిల్లలకు తల దువ్వుతూ ఆ పిల్ల చెప్పిన మాట ఇంకా గుర్తుంది: "ఇవాళ నుంచి మనం అవ్వ ఇంట్లోనే. ఎందుకు వచ్చేసినారని ఎవరడిగినా, అమ్మ వంట బాగలేదని చెప్పండి. జీతం చాలలేదని మాత్రం చెప్పద్దు, నాన్న నొచ్చుకుంటారు."