క్లబ్బు మైదానం నడిమి రాయి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ముప్పై ఏళ్లు ఆదోని ఫుట్‌బాల్ క్లబ్బు మైదానానికి సున్నం గీతలు గీసినవాడట. ఆ మైదానంలో సగం మేర ఇప్పుడు ఇళ్లు లేచాయి. మిగిలిన జాగా కూడా పోకముందే, ఆట మొదలయ్యే నడిమి చోటున ఒక రాయి నాటాలని పాత ఆటగాళ్లు అనుకున్నారు. ఆ చోటు తెలిసినవాడు ఈయన ఒక్కడే.

“నిన్ననే నాటితిమప్పా. క్లబ్బుకు టేపు యాడిది? నా అంగే టేపు. మిల్లు గోడ కాడ నుంచి నడిమికి అరవై అంగలు. బళ్లారోళ్లు వచ్చినప్పుడల్లా మైదానం శానా పొడుగని ఏడుస్తాండ్రి,” అని నవ్వాడు. మళ్లీ తనే, “ఒకటే అర్థం కాలే. అదే గోడ నుంచి మైదానం గేటుకు అప్పట్లో నలభై అంగలు. నిన్న యాభై పడినాయి. గోడ జరిపినారేమో,” అన్నాడు.

బడి చదువు తక్కువైనా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను. “గోడ జరగలేదు పెద్దాయనా, మీ అంగ తగ్గింది. అప్పటి అరవై ఇప్పుడు డెబ్బై ఐదు,” అన్నాను.

ఆయన తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు.

“అంటే రాయి పదైదు అంగలు ఇవతలే నాటితినా! అందరూ నన్ను నమ్మి పూలేసి దండం పెట్టినారు కదప్పా,” అంటూ లేచి, “ఆపప్పా, దిగల్ల!” అని కండక్టరును కేకేశాడు. ఎమ్మిగనూరు ఇంకా సగం దూరం ఉంది. రోడ్డు దాటి, ఆదోని బస్సు కోసం నిలబడ్డాడు.

నెల తర్వాత ఆ మైదానానికి వెళ్లి చూశాను. రాయి చోటు మారింది. పాత గుంతలో మట్టి ఇంకా గట్టిపడలేదు. లెక్క సరిచూద్దామని గోడ దగ్గర నిలబడి కాలు ముందుకు వేశాను. మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆ మైదానాన్ని కొలిచిన అంగ నాది కాదు.