పత్తుమణి పూల వాకిలి

పోయిన నెల తమిళనాడు ధర్మపురిలో మా అమ్మాయి కట్టుకుంటున్న ఇంటికి తోట డిజైన్ చేసే ఒకాయన వచ్చాడు. చేతిలో పలకంత ఫోను, దాన్నిండా రంగురంగుల బొమ్మలు. ఏ మొక్క పక్కన ఏది ఉండాలో, ఏది ఎంత ఎత్తు పెరగాలో, దారి ఎటు వంపు తిరగాలో అన్నీ చూపించాడు. మా అమ్మాయి కళ్ళప్పగించి చూసింది. నేను మాత్రం "ఈ తోటను ఎక్కడ కూర్చుని చూడాలయ్యా?" అని అడిగాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు. ఎనభైల నడుమ, మా మరిది పెళ్ళాడి తెచ్చుకున్న మా తోడికోడలు అడిగిన ప్రశ్న.

మా అత్తగారి ఊరు హరూర్ నుంచి బొమ్మిడికి పోయే దారిలో లోపలికి ఉంటుంది. ఇంటి ముందర రెండు ఎడ్లబండ్లు తిరిగేంత వాకిలి. దాన్ని వాకిలి అనడం మర్యాదకే. రాగుల కాలంలో రాగులు, చింతపండు కాలంలో చింతపండు, వేరుశనగ కాలంలో, మా వైపు మాటలో చెనక్కాయ కాలంలో, చెట్టుతో సహా పెరికి తెచ్చిన కాయ కుప్పలు. ఏడాదిలో ఎనిమిది నెలలు అది కళ్ళమే. మామ పోయాక పెత్తనమంతా అత్తది. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని కోళ్ళనూ మమ్మల్నీ ఒకే గొంతుతో అదిలించేది. నేను పాపారపట్టి దగ్గర సేద్యగాళ్ళ ఇంటి పిల్లను. కోడలిగా వచ్చి అప్పటికి ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో నాకంటూ ఒక తులసికుండీ కూడా అడిగి ఎరగను.

మా తోడికోడలి నాయన బొమ్మిడి స్టేషన్లో పనిచేసేవాడు. సెంటు భూమి లేదు. "రైలు పట్టాలు చూసి పెరిగిన పిల్లకి మన్ను ఏం తెలుస్తాది?" అని అత్త పెళ్ళికి ముందే ఊరంతా చెప్పేసింది. ఆ పిల్ల కాపురానికి వచ్చిన పదో రోజే అరుగు దగ్గర నిలబడి, "అత్తా, ఈ వాకిట్లో పూలతోట వేస్తాను, వేసేదా?" అని అడిగేసింది. నా చేతిలో చేట ఆగిపోయింది. ఇప్పుడు దాచేదేముంది, నాకు కడుపు మండింది. అడగొచ్చని నాకు ఐదేళ్ళుగా తోచనే లేదు మరి.

అత్త ఆమెను కిందికీ పైకీ చూసింది. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది, బావిలో నీళ్ళు తాగడానికే చాలీచాలకుండా ఉన్నాయి. "బావినీళ్ళు ఒక్క చెంబు గుడక పోయకూడదు. చెనక్కాయ బండ్లు వచ్చేదాకా గడువు. అప్పటికి చూసేదానికి లక్షణంగా లేకపోతే నా కళ్ళం నాకు. ఆ తరవాత ఈ ఇంట్లో మన్ను సంగతి నువ్వు ఎత్తకూడదు" అంది. అంతటి షరతుకు నేనైతే ఆరోజే దండం పెట్టి వంటింట్లోకి పోయేదాన్ని. ఆమె "సరే అత్తా" అంది.

మరునాడు అత్త చేనికి పోగానే తోడికోడలు వచ్చి అరుగు మీద సరిగ్గా అత్త చోట్లోనే, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "లేయమ్మే, చూస్తే చంపుతాది!" అన్నాను. "ఉండక్కా. తోట ఎక్కడినుంచి చూస్తారో తెలియకుండా ఎట్ల వేసేది? మా స్టేషన్లో తోట ముందర రైలు నిలిచేది ఒక్క నిమిషం. కిటికీలోంచి చూసేవాళ్ళకి ఆ నిమిషంలో అంతా కనపడాల. పొడుగువి వెనక, పొట్టివి ముందర. ఇక్కడ కిటికీ అంటే అత్త కూర్చునే ఈ చోటే గదా" అంది. తర్వాత లేచి, ముగ్గుపిండి డబ్బా తెచ్చి, నేల మీదే తోట గీసేసింది. గోడ వారన మందారాలకూ నందివర్ధనానికీ పెద్ద చుక్కలు, వాటి ముందు క్రోటన్లకూ కనకాంబరాలకూ చిన్న చుక్కలు, వాటి నడుమ మెలికల ముగ్గులా చుట్టి వచ్చే ఒక కాలువ. బట్టలుతికే బండ దగ్గర మొదలై, వాడిన నీళ్ళు గేటుదాకా పోవాలని ఆమె ఎత్తు.

గాలికి ముగ్గు చెరగకముందే తవ్వాలని మా మరిది పార తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోక తాడు పట్టి తిన్నగా గీత లాగాడు. మడికాలువ వంకర పోవడం వాళ్ళ వంశంలో ఎవరూ చూడలేదు. "తిన్నగా పోతే ఒక్క వరసే తాగతాది, మెలిక పోతే అన్నీ తాగతాయి" అని ఆమె నచ్చజెప్పేసరికి మధ్యాహ్నమైంది. కాలువ వెంబడి ఇటుక ముక్కలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టింది, అచ్చం స్టేషన్లో లాగే. చుట్టాలు తలా ఒక కొమ్మ తెచ్చారు. వద్దనకుండా అన్నీ నాటింది. రెండు నెలలకు అన్నీ బతికాయి. కానీ తోట మాత్రం హరూర్ సంతలో బస్సు కోసం నిలబడ్డ జనంలా, ఎవరి మొహం వాళ్ళదిగా ఉంది. ఆమెకూ తెలుసు. "అన్నీ ఉండాయక్కా, కానీ ఒకదానికొకటి చుట్టాలు కాలేదు" అని దిగులుపడింది. వాటిని కలపడానికి పుట్టింటి నుంచి రెండు గుప్పెళ్ళ పత్తుమణి పూల తుంటలు తెచ్చి గేటు పక్కన నాటింది. పొద్దున పది గంటలకు విచ్చుకుంటుందని తమిళంలో దానికా పేరు. అవి పెరిగాక తుంచి కాలువ పొడుగునా నాటాలని ఆశ.

ఆకు చూస్తే అది గంగవాయిలాకులాగే ఉంటుంది. మెట్టచేలో పుట్టి పెరిగిన మా అత్త, ఎక్కడన్నా గంగవాయిలాకు కనిపిస్తే పెరక్కుండా దాటిపోలేదు. ఆ పువ్వు విచ్చుకునే వేళకు ఆవిడ ఎప్పుడూ చేలోనే ఉంటుంది కాబట్టి చూసి ఎరగదు. ఒకరోజు తెల్లవారగానే, కోడలి తోటలో మొదటిసారి వంగి, గేటు పక్క మడిని శుభ్రంగా పెరికి పారేసింది. సాయం చేశాననే సంతోషంతో ఒడినిండా తెచ్చి నా ముందు పోసి, "కలుపు తీసినాను. ఊరికే పారెయ్యనేల, పప్పులోకి వెయ్యి" అంది.

అది గంగవాయిలాకు కాదని నాకు తెలుసు. ముందురోజే పది గంటలకు ఒక ఎర్రపువ్వు విచ్చుకుంటే చూశాను. "అత్తా, ఇది పూలచెట్టు" అంటే చాలు, వెంటనే తిరిగి నాటుకునేవాళ్ళం. నోరు తెరవలేదు. ఆకు దూసి పప్పులో వేశాను. కాడలు కనబడితే గుట్టు బయటపడుతుందని, కడుగునీళ్ళతో కలిపి కాలువలోకి గుమ్మరించాను. ఇంతకాలం తర్వాత కూడా ఈ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

భోజనాల దగ్గర అత్త తన గొప్ప తనే చెప్పుకుంది. తోడికోడలు తల తిప్పి గేటు వైపు చూసింది. మొహం పాలిపోయింది. తర్వాత విస్తరి వైపు తిరిగి, "బాగుందత్తా" అని మొత్తం తినేసింది. ఆ రోజంతా ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

ఆ వారంలోనే వాన పడింది, రెండేళ్ళకు పడిన వాన. మూడు రోజులు వదలకుండా కురిసింది. పక్షం తిరిగేసరికి కాలువ ఒడ్డున, నేను గుమ్మరించిన కాడలు ఎక్కడెక్కడ ఒరుసుకుని ఆగాయో అక్కడల్లా చిగుర్లు. ఇంకో నెలకు కాలువ పొడుగునా, మందారాల కింద, కనకాంబరాల పక్కన, క్రోటన్ల చుట్టూ ఒకటే తీగలా అల్లుకుపోయాయి. ఒకరోజు అత్తకు మోకాలి నొప్పి, చేనికి పోలేదు. అరుగు మీద తన చోట్లో కూర్చుని ఉంది. పది గంటలకు ఎండ వాకిట్లోకి దిగింది. ఎరుపు, పసుపు, తెలుపు, గులాబి, బండ దగ్గర నుంచి గేటుదాకా ఒకేసారి విచ్చుకున్నాయి. సంతలో జనంలా నిలబడ్డ ఆ మొక్కలన్నీ ఒక్కింటివాళ్ళయ్యాయి. అత్త చాలాసేపు చూసింది. "గంగవాయిలాకు పూసిందే!" అనబోయి, సగంలోనే నాలుక కరుచుకుంది. ఏం పెరికిందో, ఏం తిన్నదో ఆవిడకు అప్పుడర్థమైంది. ఆ పూట మజ్జిగ చిన్నకోడలికే ముందు పోయించింది.

కార్తీకంలో చెనక్కాయ బండ్లు వచ్చాయి. ముందు బండి గేటు దగ్గర ఆగింది. తోడికోడలు తలుపు వెనక నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఎందుకో తెలియదు. అత్త కర్ర పట్టుకుని గేటుదాకా నడిచి, "కండ్లు కనపడలేదేమిరా? పూల మీద తోలతారా బండ్లు? వెనక పెరట్లోకి పోండి" అని కేకేసింది. తోడికోడలు నా భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ సాయంత్రం పెరట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కాయలు తెంపుతున్నాం. "ఆ పొద్దు పప్పు..." అని మొదలుపెట్టాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఆ పప్పు నువ్వు ఒక్క ముద్ద గుడక తినలేదు గదక్కా, అప్పుడే తెలిసె" అని, తను తెంపిన కాయలు నా గంపలో పోసింది. నేను మూడు నెలలు మోసిన తప్పును ఆమె ఆ పప్పు తిన్న పూటే, చెయ్యి కడుక్కునేలోపే మన్నించేసింది. ఆ మూడు నెలలు నాకు ఉత్తపుణ్యానికే అంత పొడుగ్గా నడిచాయి.