ఏడో నంబరుకు పెట్టిన గ్రీజు

మోటార్లను చంపడం నా ఉద్యోగం. నమ్మండి, జీతమిచ్చి మరీ చేయిస్తారు. నడవలేని రోగుల్ని మంచం మీంచి ఎత్తి కుర్చీలో దించే యంత్రాలుంటాయి కదా, వాటి మోటార్లూ గేర్‌బాక్సులూ మా ల్యాబుకొస్తాయి. వేడి గదిలో పెట్టి, మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువు తగిలించి, క్షణం తీరిక లేకుండా ఎత్తించి దింపిస్తాం. పదేళ్ళ అరుగుదల పది వారాల్లో తేలిపోవాలి. విరిగేది ఇక్కడే విరగాలి, రోగి గాల్లో ఉండగా కాదు.

అందుకే విరిగేదాకా వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. వినాలి, రాసుకోవాలి, అంతే.

అప్పుడు ఈ పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఇంటావిడ మంచిదే, కానీ మా మధ్య 'గుడ్ మార్నింగ్' దాటి మాట నడిచేది కాదు. రోజూ సాయంత్రం విజయవాడ నుంచి అక్క ఫోన్ చేసి ఎలా ఉన్నావే అనేది. సూపర్ అక్కా అనేదాన్ని. పెద్ద అబద్ధాలకోరుని.

శనివారాలు ల్యాబులో నేనొక్కదాన్నే. స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్సుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని పరీక్షలో ఉన్న ఎనిమిది మోటార్లనూ వరసగా వినేదాన్ని. ఏమ్మా ఎలా ఉన్నావని పలకరించేదాన్ని కూడా. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ రోజుల్లో నా మాట వినే దిక్కు అవే.

ఐదోవారం శనివారం ఏడో నంబరు గొంతు మారింది. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు కరకర. పాపం అనిపించింది. అది పోతే పలకరించేవాటిలో ఒకటి తగ్గిపోతుందని భయం కూడా వేసింది. ఛీ, నా బుద్ధికేమైందో, ఆపి, మూత విప్పి, గ్రీజు పెట్టేశాను. చప్పుడు పోయింది. ఆదివారమంతా హాయిగా ఉన్నాను.

సోమవారం మా సూపర్‌వైజర్ అంకుల్ గ్రాఫులు చూశారు. ఆయన తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఏడోది గట్టి పిండమని, కస్టమర్‌కు దీన్నే చూపిద్దామని తెగ సంబరపడ్డారు. ఎవరో ముసలాయన ఆ యంత్రం పట్టీల్లో వేలాడుతూ గాల్లో ఉన్నట్టు కళ్ళ ముందు మెదిలింది. చెప్పేశాను.

తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గ్రీజు పోతే పోనీ లా," అన్నారు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తూ. "అది నొప్పని అరుస్తా ఉంటే నువ్వు నోరు మూసేసినావు. ఇంక ఎప్పుడు విరుగుతాదో మనకెట్లా తెలుస్తాది, చెప్పు?"

ఏడో నంబరు లెక్కలోకి రాదని, కారణం నేనేనని రిజిస్టర్‌లో నా చేత్తోనే రాయించారు. దాని స్థానంలో కొత్తది బిగించాను. ఐదు వారాలు నీళ్ళపాలు. సాయంత్రం ఐదు కాగానే ఆయన యీషున్‌లోని తన ఇంటికి బస్సు పట్టుకుని వెళ్ళిపోయారు.

గదికొచ్చి కూర్చున్నానో లేదో అక్క ఫోన్. తిన్నావా, ఎలా ఉన్నావే అంది. సూపర్ అన్న మాట నోటిదాకా వచ్చింది.

"బాగాలేనక్కా," అన్నాను. "ఇక్కడికొచ్చినప్పటి నుంచీ బాగాలేను."

ఫోన్‌లో అక్క వెనకాల మోగుతున్న టీవీ ఆగిపోయింది. కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"చెప్పవే," అంది అక్క.