వాలుగ దవడ మీద గడ్డ

చేపల బజారులో ఆమెను అందరూ కత్తిపీటక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా అదే సిమెంటు అరుగు, అదే కారే కుళాయి. తమ్ముడు నదిలో వాలుగలు పట్టి తెస్తే ఆమె కోసి అమ్మేది. ఆ మీసాల చేపలు తప్ప వేరేవి పట్టడని తమ్ముడికి 'మీసాలు' అని పేరు పడింది. నున్నగా గీసుకున్న అతని మూతి చూసి కొత్తవాళ్లు తికమకపడేవారు.

పెద్ద వాలుగ గాలానికి చిక్కితే తాడు లాగకూడదు. పడవను దాని వెంటే పోనిచ్చి, అది అలిసేదాకా ఓపిక పట్టాలి. ఆ పొద్దున మీసాలు గంటసేపు అలా పెనుగులాడి, నడుమెత్తు చేపను తెచ్చి అరుగు మీద పడేశాడు. అరచేతులు ఒరుసుకుపోయినా ముఖం వెలిగిపోతోంది.

అక్క చేపను తిప్పి చూసింది. కింది దవడకు నిమ్మకాయంత గడ్డ, దాని మీద కాకరకాయ తోలులా బుడిపెలు.

"ఇదేంట్రా?"

"ఏ రాయో గీసుకునుంటుంది. కోసి పారెయ్యక్కా, ఎవరు చూడొచ్చారు?"

పోయిన నెల ఆమె చేసింది అదే. రెండు చేపలకు బఠాణీ గింజంత గడ్డలుంటే, గడ్డల్ని కోసి కాలవలో పడేసి చేపల్ని అమ్మేసింది. వాటిలో ఒకటి కొన్న టీచరమ్మ ఇప్పుడు సంచి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఆమెకిప్పుడు ఏడో నెల కడుపు.

"ఇవాళ వాలుగ లేదమ్మా."

"మరి ఇదేంటక్కా?"

"ఇది అమ్మేది కాదు. పోయినసారి నీకిచ్చినదానికీ చిన్న గడ్డ ఉండేది. తీసేసి ఇచ్చాను. నీకు చెప్పలేదు."

టీచరమ్మ చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. ఖాళీ సంచి మడుచుకుని వెళ్లిపోయింది.

"నోరు కట్టేసుకోలేవా నువ్వు?" తమ్ముడు గాలపుతాడు నేలకేసి కొట్టాడు.

ఆమె చేప తలను తడిగోనెలో చుట్టి, బస్సెక్కి మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లింది. అధికారి పెన్ను కొసతో గడ్డను కదిపి చూశాడు.

"పరీక్షకు పంపితేగాని ఏమీ చెప్పలేను. ఇలాంటివి అమ్మకు."

"ముందే తిన్నవాళ్లకో?"

"ఏమీ కాదనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నారా?"

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

సాయంత్రానికి సంగతి బజారంతా పాకింది. నెల రోజులు వాలుగ ముట్టినవాళ్లు లేరు. "అందరి నోట్లో మట్టి కొట్టావు కదే" అంది పక్క అరుగు వదిన. తమ్ముడు మాట మానేశాడు, ఇంటికి రావడమూ మానేశాడు. రెండు నెలలకు మత్స్యశాఖ నుంచి పరీక్ష కాగితం వచ్చింది: కారణం తేలలేదని. టీచరమ్మకు ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ ఎవరో చెప్పారు. ఆ రోజు అక్క అరుగు మీదే కూలబడి ఏడ్చింది. టీచరమ్మ మాత్రం మళ్లీ ఆ వరసలోకి రాలేదు.

మూడో నెలలో తమ్ముడొచ్చాడు. చేపను అరుగు మీద పెట్టి, తనే వెల్లకిలా తిప్పాడు.

"ఈ రెక్క కింద చూడు. గడ్డేనంటావా?"

ఆమె వేలితో చాలాసేపు తడిమింది.

"తెలీదురా."

ఇద్దరూ దాన్ని అమ్మకుండా పక్కన పెట్టారు.